జి.కొండూరు పొయ్యిలో ఏ కట్టె మండింది?

మన తిండి చరిత్ర అనగానే మిరపకాయ ఎక్కణ్ణుంచి వచ్చింది, ఇడ్లీ ఎప్పుడు మొదలైంది అని మాట్లాడుకుంటాం. ఇవాళ పొయ్యి మీదున్న గిన్నెని కాసేపు పక్కన పెడదాం. దాని కింద ఏం మండిందో చూద్దాం.

మనం మాట్లాడుకోబోయే ఊరు జి.కొండూరు. విజయవాడ నుంచి ఇబ్రహీంపట్నం మీదుగా మైలవరం వెళ్లే రోడ్డు మీద వస్తుంది. నిన్నమొన్నటి దాకా కృష్ణా జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. దగ్గర్లోనే కొండపల్లి కొండలు. పడమటికి పోతే నందిగామ, జగ్గయ్యపేట. కృష్ణా జిల్లా అంటే కాలవలు, వరిచేలు అనుకునేవాళ్లకి ఈ వైపు వేరే లోకంలా కనిపిస్తుంది. ఇది మెట్ట. పత్తి, మిరప, కంది, మామిడి తోటలు, చెరువు గట్ల మీద తుమ్మ చెట్లు. వంటచెరకు కథ చెప్పుకోడానికి మంచి చోటు. ఎందుకంటే ఇక్కడ పొయ్యిలోకి అడవి కట్టె వచ్చింది, చేను కట్టె వచ్చింది, సర్కారు తెచ్చిన కట్టె కూడా వచ్చింది.

ముందు ఒక చిన్న ప్రశ్న. ఏ కట్టె బాగా మండుతుంది?

మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. ఈ వైపు వాళ్లయితే చాలామంది తుమ్మ అంటారు. మునగ కట్టె పెడితే మాత్రం మొహం చిట్లిస్తారు. అదే ప్రశ్న సైన్సుని అడిగితే జవాబు కాస్త వింతగా ఉంటుంది. పూర్తిగా ఎండిన కట్టె ఏదైనా సరే, కిలోకి ఇచ్చే వేడి దాదాపు ఒకటే. సుమారు 4,500 కిలో కేలరీలు. తుమ్మకి కొంచెం ఎక్కువ, ఇంకోదానికి కొంచెం తక్కువ, అంతే తేడా. చెట్టు ఏదైనా కట్టెలో ఉండే సరుకు ఇంచుమించు ఒకటే కాబట్టి.

మరి అమ్మమ్మలు చెప్పింది తప్పా? కానే కాదు. వాళ్లు కిలోల్లో కొలవలేదు, చేతికొచ్చే ముక్కల్లో కొలిచారు. ఒకే సైజు తుమ్మ ముక్క, మునగ ముక్క పక్కపక్కన పెట్టి ఎత్తి చూడండి. తుమ్మ ముక్క రెండింతలకి పైగా బరువుంటుంది. అంటే పొయ్యిలో ఒక్కసారి పెట్టిన తుమ్మ ముక్క, మునగ ముక్క కన్నా రెట్టింపు పని చేస్తుంది. మునగ కట్టె పెడితే మాటిమాటికీ ఎగదోస్తూ అక్కడే కూర్చోవాలి. తుమ్మ పెడితే ఎసరు పెట్టి బియ్యం కడుక్కురావచ్చు.

ఇంకో తేడా మంట అయిపోయాక తెలుస్తుంది. కట్టె మండడంలో మూడు దశలున్నాయి. మొదట లోపలి తడి ఆవిరైపోతుంది. తర్వాత వేడికి కట్టె నుంచి వాయువులు బయటికొస్తాయి. మనకి కనిపించే మంట ఆ వాయువులదే. ఎండుకట్టె బరువులో సుమారు ముప్పాతిక వంతు ఇలా వాయువైపోతుంది. చివరికి మిగిలేది నిప్పులు. తుమ్మ, చింత, చండ్ర లాంటి గట్టి కట్టె అయితే నిప్పులు చాలాసేపు కణకణలాడుతూ ఉంటాయి. మెత్తటి కట్టె అయితే నిప్పు ఇట్టే బూడిదవుతుంది. అన్నం వార్చి నిప్పుల మీద మగ్గబెట్టాలన్నా, వంకాయ కాల్చాలన్నా, దమ్ బిర్యానీ మూత మీద నిప్పులు పోయాలన్నా గట్టి కట్టె కావాల్సింది ఇందుకే.

ఇక అన్నిటికన్నా పెద్ద తేడా తడి. అప్పుడే కొట్టిన పచ్చికట్టె బరువులో సగం దాకా నీళ్లే ఉండొచ్చు. ఒక లెక్క చూద్దాం. లీటరు నీళ్లని మరిగేదాకా తేవడానికి సుమారు 70 కిలో కేలరీలు చాలు. మరిగిన ఆ నీళ్లని పూర్తిగా ఆవిరి చెయ్యడానికి ఇంకో 540 కావాలి. కిలో పచ్చికట్టెలో అర లీటరు నీళ్లున్నాయనుకోండి. ఒకటి, మండే సరుకు సగమే ఉంది. రెండు, ఆ సగం ఇచ్చే వేడిలోంచి 300 కిలో కేలరీల దాకా ఆ నీళ్లే తాగేస్తాయి. ఎండు తుమ్మ కిలో ఇచ్చే వేడిలో సగం కూడా పచ్చి తుమ్మ కిలో ఇవ్వదు. అంటే పచ్చి తుమ్మ కన్నా ఎండిన కందికట్టె నయం. వానాకాలం ముందే కట్టెలు చీల్చి, వసారాలో పేర్చి దాచుకున్న ఇల్లాలు చేసిన పని ఇదే. చీలిస్తే లోపలి తడి త్వరగా పోతుంది. లెక్క ఆమెకి చెప్పక్కర్లేదు, చేతికే తెలుసు.

ఈ తడి సంగతి కొండపల్లి బొమ్మలు చేసేవాళ్లకీ బాగా తెలుసు. వాళ్లు వాడేది తెల్లపొణికి, ఈ కొండల్లో పెరిగే చెట్టు. చేతిలో పెట్టుకుంటే బరువే తెలియని కట్టె. ఆ కట్టెని సన్నటి సెగ మీద కాచి తడి లాగేశాకే ఉలి పడుతుంది. పొయ్యికి పనికిరానంత తేలికైన కట్టె బొమ్మకి బంగారం అయ్యింది. ప్రతి కట్టెకీ ఒక పనుంది.

పొయ్యి దగ్గర కూడా అంతే. ఒక్క కట్టెతో వంట మొత్తం చేసేవాళ్లు కాదు. మంట అందుకోడానికి చిదుగులు, తాటాకు. గభాల్న టీ కాచుకోవాలంటే కందికట్టె, పత్తికట్టె. ఇవి భగ్గున మండి చప్పున ఆరిపోతాయి. మిరపకట్టె కూడా పొయ్యిలోకి వచ్చేది, కాకపోతే దానికి ఎండు కాయ ఒక్కటి అంటుకుని ఉన్నా ఇంటిల్లిపాదీ దగ్గడమే. పప్పు ఉడకాలన్నా, ఎక్కువమందికి అన్నం వండాలన్నా తుమ్మ. పెళ్లి వంటకి నేల తవ్వి గాడిపొయ్యి పెడితే చింత మొద్దులు, మామిడి మొద్దులు. చింత వేడి ఎంత తీవ్రమంటే ఇటుక బట్టీలకి కూడా అదే కావాలనేవాళ్లు. పాలకి మాత్రం కట్టె మంటే వద్దు. దాలిలో పిడకల సెగ మీద కుండ పెడితే, మధ్యాహ్నానికి పాలు ఎర్రగా కాగి మీగడ కట్టేవి. పిడక మంట మెల్లగా, ఒకే తీరుగా ఉంటుంది, పాలు పొంగవు.

పొయ్యిలో పెట్టకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. గన్నేరు అందులో మొదటిది. దాని కట్టే కాదు, పొగ కూడా విషమే. ఈ కాలానికి ఇంకోటి చేర్చుకోవాలి. రంగులేసిన చెక్క, పాత ప్లైవుడ్ ముక్కలు వంట పొయ్యిలో పెట్టకండి.

ఇక్కడిదాకా బాగానే ఉంది. తుమ్మ మంచిది, చింత మంచిది, ఎండుది మంచిది. కానీ చరిత్రలో పొయ్యిలోకి ఎప్పుడూ మంచి కట్టే వచ్చిందా? అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. ఏ కట్టె దొరుకుతుందన్నది చట్టం నిర్ణయించింది, కరువు నిర్ణయించింది, మార్కెట్ నిర్ణయించింది. పొయ్యి ముందు కూర్చున్న మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఈ కొండలన్నీ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే. ఇవాళ మనం మామూలుగా అనేస్తాం చూడండి, రిజర్వు ఫారెస్ట్ అని. ఆ మాట మన ఊళ్లలోకి వచ్చింది ఆ చట్టంతోనే. అంతకుముందు ఊరివాళ్లు కొండెక్కి ఎండు పుల్లలు తెచ్చుకోవడం ఒక అలవాటు. చట్టం వచ్చాక రిజర్వు చేసిన చోట అది సర్కారు దయ. అనుమతి లేకుండా తెస్తే నేరం. కృష్ణానదికి అవతలి ఒడ్డు పల్నాడులో పశువుల మేతకి పుల్లరి కట్టమన్నందుకే జనం తిరగబడ్డారు. వాళ్ల నాయకుడు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. మేత దగ్గర పుట్టిన గొడవ చరిత్రకెక్కింది. రోజూ కట్టెల మోపు దగ్గర జరిగిన చిన్న చిన్న బతిమాలుకోవడాలు, జరిమానాలు ఏ పుస్తకానికీ ఎక్కలేదు. ఎందుకంటే ఆ మోపు మోసింది ఎక్కువగా ఆడవాళ్లు. పూలమ్మిన చోట కట్టెలమ్మినట్టు అన్న సామెత మనకి తెలుసు. కట్టెలమ్ముకుని బతకడం అంటే సమాజం దృష్టిలో ఎంత దిగిపోయినట్టో ఆ ఒక్క మాటే చెబుతుంది.

కట్టె దొరకనప్పుడు ఏం మండించారు? పేడ. ఇంగ్లండు నుంచి వోల్కర్ అనే వ్యవసాయ రసాయన శాస్త్రవేత్త వచ్చి, దేశమంతా తిరిగి 1893లో ఒక నివేదిక ఇచ్చాడు. పొలానికి పోవాల్సిన పేడ పొయ్యిలోకి పోతోంది, రైతు తెలివితక్కువవాడై కాదు, కట్టె లేకే అన్నది ఆయన తేల్చిన విషయాల్లో ఒకటి. ఊళ్ల దగ్గర వంటచెరకు కోసం, మేత కోసం తోటలు పెంచమన్నాడు. అడవి తలుపు మూసేస్తే ఆ దెబ్బ తిరిగి తిరిగి చేను మీద పడుతుందన్నమాట.

ఈలోగా సర్కారు ఇంకో ఆలోచన చేసింది. ఎండిన నేలల్లో కట్టె కోసం పరాయి దేశపు చెట్టు తెద్దాం అని. 1877లో, అంటే మనవాళ్లు ధాత కరువు అని చెప్పుకునే ఆ భయంకరమైన రోజుల్లోనే, అమెరికా ఖండాలకి చెందిన ఒక ముళ్ల చెట్టు విత్తనాలు మద్రాసు ప్రెసిడెన్సీకి చేరాయి. మన తెలుగు నేలలో కడప జిల్లా కమలాపురం దగ్గర నాటారు. శాస్త్రవేత్తలు ప్రోసోపిస్ అంటారు. మనవాళ్లు పెట్టిన పేరే అందంగా ఉంది. సర్కారు తుమ్మ! సర్కారు తెచ్చింది కాబట్టి సర్కారు తుమ్మ.

కట్టెగా చూస్తే దానికి వంక పెట్టలేం. బరువైన కట్టె, నిదానంగా ఒకే తీరుగా మండుతుంది, నిప్పు నిలుస్తుంది, బొగ్గుకి శ్రేష్ఠం. నరికితే మళ్లీ చిగురిస్తుంది. మేకలు, పశువులు కాయలు తిని విత్తనాలు ఊరంతా చల్లాయి. ఎవరూ నీళ్లు పొయ్యలేదు, ఎవరూ కాపలా కాయలేదు. భూమి లేని ఇంటికి కూడా పొయ్యి వెలిగింది. అడవి గార్డుని బతిమాలక్కర్లేదు, కొడవలి తీసుకుని చెరువు గట్టుకి పోతే చాలు. కాకపోతే అదే చెట్టు బీడుల్ని, చెరువు శిఖాల్ని, పోరంబోకుల్ని ఆక్రమించింది. దాని కింద గడ్డి మొలవదు. ముల్లు దిగితే వారం రోజులు నడవలేరు. ఒకే చెట్టుని చేలు ఉన్నవాడు తిట్టుకున్నాడు, చేలు లేనివాడు దండం పెట్టుకున్నాడు. కట్టె మంచిదా చెడ్డదా అని అడిగితే ఎవరికి అని ఎదురు అడగాల్సి వస్తుంది.

ఇప్పుడు రైలు దగ్గరికి వద్దాం. సికిందరాబాదు వైపు నుంచి వచ్చిన నిజాం రైలు మార్గం 1889లో బెజవాడ చేరింది. ఆ పట్టాలు గంగినేని, చెరువు మాధవరం, కొండపల్లి మీదుగా, అంటే జి.కొండూరు పక్క నుంచే పోతాయి. ఆ దారిలోనే ఇల్లెందు వైపు సింగరేణి బొగ్గు బయటికి రావడం మొదలైంది. తర్వాత 1979లో ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రం మొదటి యూనిట్ మొదలైంది. ఇప్పుడు దాన్ని నార్ల తాతారావు పేరుతో పిలుస్తున్నాం. అంటే నూరేళ్లకి పైగా ఈ ఊళ్ల పక్క నుంచి బొగ్గు బండ్లు పోతూనే ఉన్నాయి. రైలు బొగ్గుతో నడిచింది, పట్నంలో లైట్లు బొగ్గుతో వెలిగాయి. పక్కనే ఉన్న పల్లెల్లో పొయ్యి మాత్రం తుమ్మ కంపతోనే వెలిగింది. ఎత్తుగా కనిపించే ఆ గొట్టాల పొగ గురించి మాట్లాడినంతగా, వంటింట్లో కంటి ఎదురుగా ఉన్న పొగ గురించి మనం మాట్లాడలేదు.

అసలు మాట్లాడినవాళ్లు లేరా అంటే ఉన్నారు. ఎస్.పి. రాజు అనే ఇంజినీరు హైదరాబాదు ఇంజినీరింగ్ పరిశోధనశాలకి డైరెక్టరుగా పనిచేశారు. ఆనకట్టలు, నీటి ప్రవాహాల మీద పరిశోధన చేసే చోట కూర్చుని ఆయన పల్లెటూరి పొయ్యి మీద పడ్డారు! చుట్టూ మూసి, పొగగొట్టం పెట్టి, ఒకే మంట మీద ఒకటికి మించి గిన్నెలు ఎక్కేలా మట్టి పొయ్యి తయారు చేశారు. 1953లో దాని మీద ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం కూడా వేశారు, కోట్లమందికి పొగ లేని వంటిళ్లు కావాలని. మన దేశంలో మెరుగైన పొయ్యిల పరిశోధన మొదలైన తొలిరోజుల పని అది.

ఆయన ఆలోచన ఏంటంటే, పొగ అంటే మండకుండా పోతున్న కట్టె. ఇందాక చెప్పుకున్నాం కదా, మంట అంటే కట్టె వదిలే వాయువులని. వాటికి సరిపడా గాలి, వేడి అందకపోతే అవే పొగై పైకి పోతాయి. మూడు రాళ్ల పొయ్యిలో కట్టె ఇచ్చే వేడిలో నూటికి పదో పదిహేనో వంతులే గిన్నెకి అందుతాయి. మిగతాది గోడలకి, గాలికి, కళ్లకి. కాబట్టి తుమ్మా మునగా అని ఎంచుకోవడం ఎంత ముఖ్యమో, ఏ పొయ్యిలో పెడుతున్నామన్నదీ అంతే ముఖ్యం.

1980లలో కేంద్ర ప్రభుత్వం పొగ రాని పొయ్యిల పథకం దేశమంతటా మొదలుపెట్టింది. లక్షల్లో కట్టారు. చాలా చోట్ల గొట్టం పగిలింది, మసి పట్టి మూసుకుపోయింది, బాగుచేసేవాళ్లు రాలేదు. మళ్లీ పాత పొయ్యే. పక్క రాష్ట్రం ఒడిశాలో ఇలాంటి పొయ్యిలే ఇచ్చి కొన్నేళ్లు వెంటపడి చూశారు. రేమా హన్నా, ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ అనే ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం అది. మొదటి ఏడాది పొగ తగ్గింది, తర్వాత ఆ లాభం నిలవలేదు. వాడకం, మరమ్మతు రెండూ తగ్గిపోయాయి. పొయ్యి ఇచ్చేస్తే పని అయిపోదు అన్నమాట.

అదే కాలంలో మెట్టలోకి ఇంకో చెట్టు వచ్చింది. సుబాబుల్. పశువులకి మేత, ఇంటికి కట్టె, రెండూ ఇస్తుందని 1970లు, 80లలో దేశమంతా ప్రచారం చేశారు. నందిగామ, కంచికచర్ల, జగ్గయ్యపేట వైపు రైతులు ఎకరాలకి ఎకరాలు వేశారు. అయితే కట్టె పొయ్యికి కాదు, లారీలెక్కి రాజమండ్రి, భద్రాచలం వైపు పేపరు మిల్లులకి పోయింది. పొయ్యికి దక్కింది కొసకొమ్మలు. సుబాబుల్ తుమ్మంత గట్టిది కాదు, కానీ తేలిగ్గా చీలుతుంది, త్వరగా ఎండుతుంది. మీ నోటుబుక్ ఏ చెట్టుదో ఎప్పుడైనా ఆలోచించారా? ఈ మెట్ట సుబాబుల్ కూడా అయ్యుండొచ్చు.

ఆ తర్వాత గ్యాసు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2016లో కేంద్రం ఉజ్వల, 2024 నవంబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అర్హులకి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. ఇవి లేకపోతే ఇవాళ చాలా ఇళ్లలో ఇంకా ఊదుగొట్టమే ఉండేది. కానీ ఊళ్లలోకి వెళ్లి పెరట్లో చూడండి. లోపల గ్యాసు పొయ్యి, బయట కట్టెల పొయ్యి. స్నానానికి నీళ్లు, పశువుల కుడితి, పండగ పిండివంటలు బయటే. సిలిండరు అయిపోయి చేతిలో డబ్బు ఆడకపోతే అన్నం కూడా బయటే. పొయ్యిలో పిల్లి లేవలేదు అంటాం చూడండి, ఆ పరిస్థితి రాకుండా ఇప్పటికీ అడ్డుపడుతున్నది చాలా ఇళ్లలో సర్కారు తుమ్మే.

మనవాళ్లలో ఇప్పుడు కట్టెల పొయ్యి మీద ఒక మోజు పుట్టింది. హైవే పక్కన హోటల్ బోర్డు మీద కట్టెల పొయ్యి భోజనం అని ఉంటే ఆగి మరీ తింటాం. తినండి, రుచిగానే ఉంటుంది. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఒకటి గుర్తుంచుకోండి. ఇంట్లో వంట పొగ వంటి కాలుష్యం వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది చనిపోయారు. వాళ్లలో 2 లక్షలకి పైగా అయిదేళ్లలోపు పిల్లలు. తుమ్మ కట్టె పొగైనా, చింత కట్టె పొగైనా ఊపిరితిత్తులకి ఒకటే. మంచి కట్టె పొగని తగ్గిస్తుంది, మంచిది చెయ్యదు.

అందుకని ఇవాళ మీ ఇంట్లో కట్టెల పొయ్యి వెలుగుతుంటే మూడు పనులు చెయ్యండి. కట్టెలు చీల్చి, వాన తగలని చోట నెలల తరబడి ఎండనివ్వండి. రెండు ముక్కలు కొట్టి చూడండి, ఎండితే ఖంగుమంటుంది, తడి ఉంటే డబ్బుమంటుంది. పొయ్యి గొంతు నిండా కుక్కకుండా గాలికి దారి వదలండి. వీలైతే పొయ్యి ఆరుబయట పెట్టండి, లేదా పొగగొట్టం పెట్టి అది మూసుకుపోకుండా చూసుకోండి. చంటిపిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకోవద్దు.

ఇంకోటి. ఏ కట్టె ఎప్పుడు కొట్టాలి, ఏది దేనికి పెట్టాలి, ఏది పెట్టకూడదు అన్న ఈ జ్ఞానం రాసి లేదు. అది అరవై, డెబ్భై దాటిన ఆడవాళ్ల దగ్గర ఉంది. మీ చేతిలో ఫోనుంది. ఈసారి ఊరెళ్లినప్పుడు అమ్మమ్మని, నాయనమ్మని ఒక్క పావుగంట కూర్చోబెట్టి అడగండి. ఏ కట్టె బాగా మండేది అని మొదలుపెట్టండి. తర్వాత అది ఎక్కణ్ణుంచి తెచ్చేవాళ్లు, ఎంత దూరం మోసేవాళ్లు, ఎవరైనా ఆపేవాళ్లా అని అడగండి. మొదటి ప్రశ్నకి చెట్టు పేరు చెబుతారు. రెండో ప్రశ్న దగ్గర చరిత్ర మొదలవుతుంది.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.